కర్ర మంచిదే, రీలే కుట్టు తప్పింది

నేను లేడీస్ టైలర్‌ను. విశాఖపట్నం మద్దిలపాలెంలో చిన్న కొట్టు, మూడు మిషన్లు, పని నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు. చేపలు పట్టే సామాను మీద అభిప్రాయం రాయడానికి నీకేమి హక్కు ఉందని మా తమ్ముడు అడిగాడు. దారం, దాన్ని చుట్టిన కండె, దాన్ని పట్టి ఉంచే బిగింపు: ఇరవై ఆరేళ్ళుగా నా అన్నం ఈ మూడింటి మీదే ఉంది. సముద్రపు గాలంలో ఉన్నవీ ఆ మూడే, కొసన సూదికి బదులు ముల్లు. కాబట్టి రాస్తున్నాను.

సంక్రాంతి కుట్లు ముగిశాక చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అందులోంచి 2,850 రూపాయలు పెట్టి, సముద్రపు ఒడ్డు నుంచి చేపలు పట్టడానికని అమ్మే ఒక సెట్టును ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా మీకు ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఇదే కర్ర, ఇదే రీలు, ఇదే నల్లసంచి మరో మూడు పేర్లతో కూడా నాకు కనిపించాయి. ఇది పేరు చూసి కొనే సరుకు కాదు, ఫోటో చూసి కొనే సరుకు. ఆ ఫోటో గుర్తు చెబుతాను: నల్ల కర్ర, మధ్యలో ఎర్ర గీతలు, బంగారు రంగు రీలు, పెట్టె మీద నోరు తెరిచి గాలిలోకి ఎగిరిన పెద్ద చేప. ఆ చేప మన సముద్రంలోది కాదని తమ్ముడు చూడగానే చెప్పాడు.

వాడు ఆర్టీసీలో కండక్టరు, డ్యూటీ లేని రోజు గాలం పట్టుకుని తిరుగుతాడు. నన్ను షిమానో రీలు కొనమన్నాడు. 1921లో జపాన్‌లో సైకిలు ఫ్రీవీలుతో మొదలై, 1970లో చేపల రీళ్ళలోకి వచ్చిన కంపెనీ అది. సైకిలు పళ్ళచక్రాలు తెలిసినవాళ్ళకు రీలు పళ్ళచక్రాలు తెలియవా అని వాడి వాదం. వాదం బాగానే ఉంది. కానీ వాడు చూపించిన ఆ ఒక్క రీలు ధరకు నాకు కర్ర, రీలు, దారం, గాలాలు, గంట, సంచి అన్నీ వస్తున్నాయి. మొదటిసారి కుట్టుమిషను కొన్నప్పుడు కూడా నేను సరిగ్గా ఇలాగే లెక్క వేసుకుని దెబ్బతిన్నాను.

పెట్టె విప్పగానే టేపు తీశాను. కర్ర ఒకదానిలోకి ఒకటి దూరే రకం, పూర్తిగా లాగితే 2.7 మీటర్లని రాశారు. నా టేపులో 2 మీటర్ల 67 సెంటీమీటర్లు వచ్చింది. మూడు సెంటీమీటర్లకు గొడవ పెట్టుకోను. జాకెట్టు చేతిలో అయితే పెట్టుకునేదాన్ని. కార్బన్ కర్ర అని పెట్టె నాలుగు వైపులా ఉంది. చేతిలో పట్టుకుంటే మాత్రం గాజునార (ఫైబర్‌గ్లాస్) పాలే ఎక్కువ అనిపించింది, కాస్త బరువుగా, వంచితే తాపీగా లేచేలా. నా వరకు అది లోపం కాదు. స్కూటరు మీద తీసుకెళ్ళే కర్రకు, దేనికో ఒకదానికి తగలక మానని కర్రకు, కార్బన్ కంటే గాజునారే ఓర్పు. దారం పోయే కడియాలకు లోపల తెల్లటి పింగాణీ పూత ఉంది. పట్టీలో దారం దూర్చినట్టు ఒక్కొక్క కడియం చుట్టూ దూది తిప్పి చూశాను. ఎక్కడా పోగు పట్టలేదు. దూది పట్టిన చోట దారం కోసుకుపోతుంది, ఇది మిషను సూది కన్ను చూసే పద్ధతి.

రీలు మీద 4000 అని ఉంది. అది రీలు పరిమాణం అట. ఈ అంకెల గొడవ గురించి ఒక మాట. మిషను సూదిలో అంకె పెరిగితే సూది లావవుతుంది. కుట్టు దారంలో అంకె పెరిగితే దారం సన్నమవుతుంది. రీలులో అంకె పెరిగితే రీలు పెద్దదవుతుంది. గాలాల్లో అయితే పది నుంచి ఒకటి వరకు అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతూ వచ్చి, ఒకటి దాటాక పక్కన సున్నా పెట్టి మళ్ళీ పైకి లెక్కపెడతారు. దర్జీలే తికమక మనుషులని అనుకునేదాన్ని.

ముందే చుట్టి ఇచ్చిన నైలాన్ దారం ఎంత లావో పెట్టె మీద ఎక్కడా లేదు. పెన్సిలు మీద 20 చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనించి చుట్టి కొలిచాను: 8 మిల్లీమీటర్లు. అంటే దారం 0.40. ఈ పని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, కొలతే రాయని దారం కొన్నప్పుడు చేసుకోవాలి కూడా. తరువాత మా కొట్టులో మూలనపడిన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టెను, ఆరు కిలోలకు తగ్గని బరువుదాన్ని, దానికి వేలాడదీశాను. మొదటిసారి ముడి దగ్గర పుటుక్కున తెగింది. తప్పు నాదే. ముడిని తడపకుండా బిగించాను. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలం పోగొట్టుకుంటుంది. రెండోసారి నోటితో తడిపి బిగించాను, ఇస్త్రీపెట్టె గాలిలో ఊగుతూ నిలబడింది. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొసను తడపడం చేతికి వచ్చిన పనే, ఇక్కడ మాత్రం గుర్తుకు రాలేదు.

దారం మంచిదే, చుట్టిన తీరే బాగాలేదు. రీలు అంచుల దాకా నింపేశారు. బాబిన్‌ను అంచుదాకా చుట్టకూడదని మా దగ్గరికి వచ్చిన అమ్మాయికి మొదటి రోజే చెబుతాను. ఇక్కడ కూడా అంతే: అంచుకు రెండు మిల్లీమీటర్లు కిందనే ఆపాలి. లేకపోతే విసిరిన క్షణంలో చుట్లు గుంపుగా జారి ఉండకట్టుకుంటాయి. నేను 12 మీటర్లు విప్పి కోసేశాను. అలా కోయకుండా సరాసరి బీచికి తీసుకెళ్ళినవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివాను. అందరూ చిక్కు గురించే తిట్టారు. తిట్టవలసింది చుట్టినవాణ్ణి.

మంగళవారం మా కొట్టుకు సెలవు. ఆ మంగళవారం పౌర్ణమి మరునాడు కూడా కావడం కలిసి వచ్చింది. స్కూటరు మీద ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుని భీమిలి చేరేసరికి ఒంటిగంట ముప్పావు అయింది. దారిలో 120 రూపాయలకు పచ్చి రొయ్యలు, ఎరకు. నిలబెట్టడానికి స్టాండు సెట్టులో లేదు. పైపుల కొట్టులో 70 రూపాయలకు రెండున్నర అడుగుల ప్లాస్టిక్ గొట్టం కొని, ఒక కొస ఏటవాలుగా కోయించుకున్నాను. ఇసుకలో దిగేసి కర్ర అందులో నిలబెట్టాలి. ఆ రోజు మోసిన సామానులో ఒక్క మాట కూడా అనిపించుకోనిది ఆ గొట్టం ఒక్కటే.

మేము కూర్చునేది గోస్తని మొగ దగ్గర. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, చిట్టివలస మీదుగా వచ్చి ఈ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిట్టివలస మా ఊరే. నాన్న అక్కడి జనపనార మిల్లులో పనిచేసేవారు. ఆదివారాలు మమ్మల్ని ఈ మొగకు తీసుకొచ్చేవారు, మిల్లులో పారేసిన చెక్క కండెకు నైలాన్ దారం చుట్టుకుని. కర్ర లేదు, రీలు లేదు. చేతితో గిర్రున తిప్పి వదిలేవారు. ఎనిమిది బారలకు మించి విసరగా నేను చూడలేదు.

బంగాళాఖాతంలో మన ఒడ్డుకు రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, అందుకే పోటు వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు ఎక్కువ, పాటూ ఎక్కువ. ఆ రోజు మూడింటికి నీరు అట్టడుగుకు దిగి, అక్కడి నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. పాటు వేళకు ముందే వెళ్ళడంలో ఒక లాభం ఉంది. నేల కనిపిస్తుంది. ఒడ్డుకు సమాంతరంగా కాలువ తవ్వినట్టు ఒక పల్లం, దాని అవతల ఇసుక దిబ్బ, దిబ్బ మీద తెల్లగా విరుగుతున్న కెరటం. పల్లంలో నీరు కాస్త నల్లగా, విరగకుండా ఉంటుంది. ఈ బొమ్మను కంటిలో పెట్టుకుంటే చాలు, నీరు పైకి వచ్చాక గుడ్డిగా విసరనక్కరలేదు.

నేను మాత్రం ముందు గుడ్డిగానే విసిరాను. కొత్త కర్ర కదా. 100 మీటర్లు పోతుందని అమ్మకపు పేజీలో ఉంది. 60 గ్రాముల సీసం గుండు కట్టి, నడుము తిప్పి, ఉన్న బలమంతా పెట్టాను.

మొదటి మూడు విసుర్లలో వేలు కోసుకుంది. రీలు మీది వంకీ తీగ ఎత్తాక, దారాన్ని చూపుడు వేలితో పట్టి ఉంచి, సరైన క్షణంలో వదలాలి. గుండు బరువంతా ఆ వేలి మీదే. నాలుగోసారి చేతికుట్టుకు వాడే వేలితొడుగు పెట్టుకున్నాను. ఇనుము తొడుగులోంచి దారం ఎప్పుడు జారిందో తెలియలేదు, గుండు నెత్తి మీదుగా నిటారుగా పోయి మాకు పది అడుగుల ముందు పడింది. తమ్ముడు మాట్లాడలేదు. మాట్లాడనందుకే నాకు కోపం వచ్చింది. తరువాత రబ్బరు గ్లవుసు వేలు ఒకటి కత్తిరించి తొడుక్కున్నాను, ఇక ఇబ్బంది లేదు. ఆ ముక్క ఇప్పటికీ సంచిలోనే ఉంది.

ఎంత దూరం పోతోందో కొలవడం తేలిక. రీలు పిడి ఒక చుట్టు తిప్పితే దారం ఎంత లోపలికి వస్తుందో ఇంటి దగ్గరే టేపుతో చూసుకున్నాను: 71 సెంటీమీటర్లు. ఇక విసిరినప్పుడల్లా చుట్లు లెక్కపెట్టడమే. నా మంచి విసురు 78 చుట్లు, అంటే 55 మీటర్లు. తమ్ముడు అదే కర్రతో 96 చుట్లు, 68 మీటర్లు. వాడి భుజం వేరు. వంద మీటర్లు ఆ పేజీ రాసినవాళ్ళు మాత్రమే విసరగలరు. అయినా ఈ ధరకు 68 మీటర్లు తక్కువేమీ కాదు, కర్ర ఎక్కడా కిర్రుమనలేదు, కీలు దగ్గర తిరగలేదు. కర్రకు ఆ పేరు ఇవ్వాలి.

"అక్కా, నువ్వు చేపలు పడుతున్నావా, ఎక్కాలు చదువుతున్నావా?" అన్నాడు తమ్ముడు.

ఎక్కాలే చదువుతున్నాను. అందుకే తెలిసింది. గంటన్నర సేపు 55 మీటర్ల దూరం విసిరి, ఒక్క చేప కాటు కూడా లేక, ఎర మాత్రం పీతలు తిని పోతుంటే, విసుగుపుట్టి దారం లోపలికి లాగుతున్నాను. 23వ చుట్టు దగ్గర లాగింది. చూస్తే అరచేతంత గొరక. నీళ్ళలోంచి తీయగానే పొట్టలోంచి కప్పలా గురగురమంటుంది, గాలితిత్తిని ఆడించి చేసే చప్పుడు అది. దాన్ని సంచిలో వేసి మళ్ళీ విసిరాను. ఈసారి కూడా దూరమే. మళ్ళీ దారం చుడుతుంటే 21 దగ్గర ఇంకొకటి. అప్పుడు ఆలోచన వచ్చింది. దూరం విసరడం మానేసి, ఇరవై అయిదు చుట్ల దూరంలో మెల్లగా పడేలా విసిరి ఊరుకున్నాను. అక్కడే పల్లం ఉంది. సాయంత్రం వరకు తగిలిన ప్రతి చేపా 20 నుంచి 30 చుట్ల మధ్యలోనే తగిలింది. 22 చుట్లంటే 15 మీటర్ల పైచిలుకు. బారల్లో ఎనిమిదిన్నర.

అమ్మే పేజీలన్నీ దూరం అమ్ముతున్నాయి. ఎంత పొడవు కర్ర, ఎన్ని మీటర్ల విసురు, ఎన్ని వందల మీటర్ల దారం. పన్నెండు అడుగుల కర్ర కూడా ఉంది, దాని ధర ఇంకో వెయ్యి ఎక్కువ. కెరటం ఇసుకను రేపి, అందులోని పురుగులను, చిన్న పీతలను పైకి తెచ్చేది ఒడ్డు పక్కనే కాబట్టి చేప ఒడ్డు పక్కనే తిరుగుతుంది. దూరం అవసరమైన చోట్లు ఉంటాయి, కాదనను. భీమిలి మొగ వాటిలో ఒకటి కాదు. కొనేముందు మీరు కూర్చునే చోట పల్లం ఎంత దూరంలో ఉందో ఒకసారి పాటు వేళ నడిచి చూసి, అప్పుడు కర్ర పొడవు గురించి ఆలోచించండి.

ఇక రీలు. చేప లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా జారనివ్వడానికి రీలు ముందు ఒక గుండ్రటి మర ఉంటుంది. డ్రాగ్ అంటారు. మా మిషను మీద పై దారానికి ఉండే టెన్షన్ నట్టు కూడా అదే పని చేస్తుంది: రెండు బిళ్ళల మధ్య దారం, వెనక స్ప్రింగు, తిప్పేకొద్దీ బిగువు. మంచి టెన్షన్ లక్షణం ఏమిటంటే, పావు చుట్టు తిప్పితే పావు చుట్టంత మార్పే రావాలి. దారం తట్టుకునే బరువులో మూడో వంతు దగ్గర డ్రాగ్ జారేలా పెట్టుకోవాలని తమ్ముడు చెప్పాడు. చేప త్రాసు తగిలించి ఎంతసేపు ప్రయత్నించినా నాకు ఆ మూడో వంతు దొరకలేదు. ఒక గడి దగ్గర దారం నీళ్ళలా జారిపోతుంది. ఇంకో గడి బిగిస్తే రాయి. మధ్యలో ఏమీ లేదు. కుట్టులో అయితే ఈ మిషను మీద పట్టుబట్ట పెట్టకూడదని చెప్పేసేదాన్ని.

గొరకలకు, మధ్యలో తగిలిన పార అనే చిన్న చేపకు ఈ లోపం తెలియలేదు. పార రెండు వందల గ్రాములు ఉంటుందేమో, ఉన్నదానికి మించి లాగింది, ముచ్చటేసింది. మూడున్నర దాటాక రెండు జెల్లలు వచ్చాయి. సముద్రపు జెల్లను చేతితో పట్టుకునేముందు ఒక్క క్షణం ఆగాలి. వీపు మీద ఒకటి, రెండు రెక్కల దగ్గర చెరొకటి, రంపపు పళ్ళున్న ముళ్ళు ఉంటాయి, గుచ్చుకుంటే విషం. తమ్ముడికి ఒకసారి గుచ్చుకుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చోబెడితే తప్ప మంట తగ్గలేదు. సెట్టులో ఒక పట్టకారు ఇచ్చారు, అది ఇలాంటప్పుడు వాడుకోవడానికట. జెల్ల మూతిలోని గాలాన్ని పట్టుకోగానే పట్టకారు రెండు కాళ్ళూ ఎడంగా తెరుచుకున్నాయి. నా కొట్టులో గుండీలు లాగే పట్టకారే నయం. రెండు జెల్లలనూ దారం కోసి నీళ్ళలోకి పంపేశాము. వీటి మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగే వరకు తిండి తినదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు జెల్ల పులుసు సహించడం లేదు.

సెట్టుతో వచ్చిన గాలాలు ఇరవై. వాటిలో ఒకటి గొరక మూతిలోనే తిన్నగా సాగిపోయింది. పిన్నీసు కూడా అంత తేలికగా వంగదు. తరువాత తమ్ముడి గాలాలు వాడాను, కొస లోపలికి తిరిగిన గుండ్రటి రకం. వాటితో చేప లాగగానే ఎదురు గుంజకూడదు. ఊరుకుని దారం చుడితే అదే వచ్చి పెదవి మూలలో పడుతుంది, తీయడం కూడా సులువు. గుంజడం అలవాటైన నా చెయ్యి దీనికి ఒదగడానికి రెండు చేపలు పోయాయి. మధ్యలో గాలి నింపుకుని బంతిలా ఉబ్బే చేప ఒకటి వచ్చి, చిలక ముక్కులాంటి నోటితో దారాన్ని కత్తెరలా కత్తిరించుకుని పోయింది. ఆ తెగిన కొస చూశాను. ఎంత నున్నగా ఉందో. కుచ్చిళ్ళు కోసే మా పెద్ద కత్తెర కూడా ఈ మధ్య అంత నున్నగా కోయడం లేదు.

చేప తగిలితే మోగడానికి కర్ర కొసకు ఒక గంట ఇచ్చారు. గాలి తగిలితే మోగుతుంది. జనవరి సాయంత్రం భీమిలిలో గాలి ఎప్పుడు తగలదు? అరగంట విని, తీసి జేబులో వేసుకున్నాను. జేబులో కూడా మోగింది.

అయిదు గంటలకు, ఎండ పల్చబడి, నీరు మోకాలెత్తు పెరిగాక, 26 చుట్ల దగ్గర కర్ర ఒక్కసారిగా వంగింది. గొట్టంలోంచి కర్ర తీసేలోపలే రీలు పిడి చేతికి ఎదురు తిరిగింది. చేప పల్లం వెంబడి మొగ వైపు పరుగెత్తుతోంది. దారం జారాలి, జారడం లేదు, రాయి. కర్ర మాత్రం వంగి వంగి ఓర్చుకుంటోంది. "వదులు, అక్కా, వదులు!" అని తమ్ముడు అరుస్తున్నాడు. ఒక గడి వదులు చేశాను. అంతే, రీలు బుర్రుమని తిరిగి దారం మొత్తం ఉంగరాలు ఉంగరాలుగా బయటికి దూకింది. మళ్ళీ బిగించాను. పుటుక్కుమంది. ఇస్త్రీపెట్టె దగ్గర విన్న శబ్దమే.

అది పండుగప్పే అంటాడు తమ్ముడు. కంటితో చూడనిదానికి నేను పేరు పెట్టను. "పండుగప్ప చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడ అవుతుంది తెలుసా? ఇంత గట్టిగా లాగిందంటే ఆడదే అయి ఉంటుంది, నీ మాట వింటుందా?" అని నవ్వాడు. పండుగప్ప సంగతి నిజమే, పుస్తకాల్లో కూడా ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి చిక్కు తీస్తున్నాను. చిక్కు తీయడంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు, అయినా ఇరవై నిమిషాలు పట్టింది. అయిదూ నలభైకి సూర్యుడు వెనక్కి దిగిపోయాడు. ఆరున్నరకు సముద్రంలోంచి చంద్రుడు లేచేదాకా కూర్చుందామని తమ్ముడు అన్నాడు కానీ, చీకటిలో మొగ దగ్గర నిలబడడం నాకు ఇష్టం లేదు. పోటు ఎక్కుతున్నప్పుడు నది నీరు, సముద్రపు నీరు కొట్టుకునే చోట కాళ్ళ కింద ఇసుక కదిలిపోతుంది. మడమలు తడిసే లోతు దాటి ఎవరూ దిగకండి.

సంచిలో నాలుగు గొరకలు, ఒక పార. మరదలు పులుసు పెట్టింది.

ఇంటికి వచ్చాక చేసిన పని కూడా చెప్పాలి, ఎందుకంటే రీలు లోపం అసలు బయటపడింది అప్పుడే. ఉప్పునీటిలో వాడిన రీలును ఆ రాత్రే కడగాలి. కడిగేముందు డ్రాగ్ మరను పూర్తిగా బిగించాలి, లేకపోతే నీళ్ళు లోపలి బిళ్ళల మధ్యకు పోతాయి. కుళాయి కింద వేగంగా పెట్టకూడదు, ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. మగ్గుతో మెల్లగా పోయాలి. తుడిచి, మర వదులు చేసి, నీడలో ఆరబెట్టాలి. ఇవన్నీ చేశాను. కర్రను ఒక్కొక్క కణుపూ లాగి తుడిచాను. మూడో కణుపులో ఇసుక రేణువు ఇరుక్కుని లోపలికి దిగనంది. తమ్ముడు ఒక వైపు, నేను ఒక వైపు గ్లవుసులతో పట్టుకుని తిప్పితే వచ్చింది.

వారం తిరిగేసరికి రీలు మీది వంకీ తీగను పట్టి ఉంచే రెండు స్క్రూలు ఎర్రబడ్డాయి. పిడి తిప్పితే లోపల గరగర. రీలు పక్కన తుప్పు పట్టదని చెప్పే వెండి రంగు స్టిక్కరు ఉంది, ఆ స్టిక్కరు మాత్రం మెరుస్తూనే ఉంది. డ్రాగ్ విప్పి చూశాను. మూడు ఫెల్టు బిళ్ళలు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి, అవీ పొడిగా, ఒకటి అంచు ముడుచుకుని. చుక్క గ్రీజు కూడా లేదు. నేను పలచగా గ్రీజు రాసి, ముడుచుకున్న బిళ్ళను ఇస్త్రీ చేసినట్టు నొక్కి, మూడోదాన్ని పాత టోపీ ఫెల్టులోంచి గుండ్రంగా కత్తిరించి వేశాను. ఇప్పుడు జారడానికీ రాయికీ మధ్యలో మూడు గడులు దొరికాయి. ఇరవై రూపాయల పని. ఫ్యాక్టరీలో అయితే రెండు రూపాయలు కూడా కాదు.

అమ్మినవాళ్ళకు ఫోటోలు పెట్టి రీలు మార్చమని అడిగాను. రెండు రోజుల తరువాత సమాధానం వచ్చింది: వస్తువు మీద నీటిలో వాడిన గుర్తులు ఉన్నాయి, కాబట్టి వాపసు తీసుకోరు. చేపల గాలం నీటిలో కాకుండా ఎక్కడ వాడాలని అడిగాను. దానికి ఒక నవ్వే బొమ్మ పంపి సంభాషణ ముగించారు. విడి స్క్రూలు అమ్ముతారా అంటే అదీ లేదు.

కొనాలా వద్దా అని అడిగితే, కర్ర ఒక్కటే అమ్మితే రెండు చేతులా కొనండి. నేను చూసినంతలో విడిగా 1,100 రూపాయలకు దొరుకుతోంది. మిగిలిన 1,750కి ఇంకో వెయ్యి కలిపి, తమ్ముడు చెప్పినట్టు, మంచి రీలు కొనుక్కోవడమే లెక్క. వాడి మాట ఒప్పుకోవడం నాకు ఈ అభిప్రాయంలో అన్నిటికంటే కష్టమైన వాక్యం. దారం పరవాలేదు. గాలాలు, గంట, పట్టకారు పిల్లలకు ఆడుకోవడానికి కూడా ఇవ్వకండి. రెండు ప్లాస్టిక్ చేపలు కూడా ఇచ్చారు, ఒక్కోదానికి మూడు ముళ్ళ గాలాలు రెండేసి. ఒకదానికి ఆ ముళ్ళు పీకేసి కొట్టు తాళంచెవికి తగిలించాను, చూసినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. ఇప్పటికే మొత్తం సెట్టు కొనేసి ఉంటే, బీచికి వెళ్ళేముందు ఆ డ్రాగ్ ఒకసారి విప్పి బిళ్ళలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

తుప్పు పట్టిన రెండు స్క్రూలు మాత్రం నా చేతిలో లేవు. మా మిషన్లు బాగుచేసే ఆయనకు రీలు చూపించాను. కళ్ళజోడు పైకి తోసి, తిప్పి చూసి, ఇది ఏ మిషను అని అడిగాడు. చేపలదని చెప్పాను. పాత బాబిన్ కేసు స్క్రూల డబ్బా తెచ్చి, వెతికి, ఒకటి సరిగ్గా సరిపోయిందన్నాడు. రెండోదానికి మర కాస్త తేడా ఉందట. బుధవారం రమ్మన్నాడు.